స్ట్రిప్పు మీద ఒక్క గాటు

2022 వానాకాలం. నంద్యాలలో ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో నేను పాఠాలు చెప్పబట్టి అప్పటికి పదహారేళ్లు. బీఫార్మసీ అంటే మందుల అంగడి పెట్టుకునే చదువని మా వైపు ఇప్పటికీ అనుకుంటారు. "మాత్రలు అమ్మేదానికి నాలుగేండ్లు చదవాల్నా?" అని బస్సులో నన్ను అడిగినవాళ్లున్నారు. అప్పట్లో ఆ మాటకు ఓపిగ్గా జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాను.

ఆ జవాబు ఇదీ. మాత్ర, సిరప్, మలాం ఎట్లా తయారవుతాయో చెప్పేది ఫార్మాస్యూటిక్స్. మందు ఒంట్లోకి పోయి ఏం చేస్తుందో, ఎప్పుడు విషమవుతుందో చెప్పేది ఫార్మకాలజీ. ఆకులు, వేర్లు, బెరళ్ల గురించి ఫార్మకాగ్నసీ. మందుల చట్టాలకు జూరిస్‌ప్రుడెన్స్ అని ఇంకో పాఠం. ఇవన్నీ అయ్యాక ట్రైనింగ్: కొన్ని వారాలు ఆస్పత్రిలోనో మందుల షాపులోనో నిలబడి పని నేర్చుకోవాలి. చూసింది చూసినట్టు లాగ్‌బుక్కులో రాసి, అక్కడి రిజిస్టర్డ్ ఫార్మసిస్టు చేత సంతకం పెట్టించుకు రావాలి.

నేను ఫార్మకాలజీ, చట్టాలు రెండూ చెబుతాను. మందు ఇచ్చేచోట ఫార్మసిస్టు స్వయంగా ఉండాలని బోర్డు మీద రాసి, దాని కింద రెండు గీతలు కొడతాను. ఆ గీతలు కొట్టే రోజుల్లోనే, షాపు లైసెన్సు కోసం, నా సర్టిఫికెట్ ఆళ్లగడ్డలో మా మామగారి మెడికల్ షాపు గోడకు వేలాడుతుండేది. నేను నంద్యాలలో, అది ఆళ్లగడ్డలో. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అచ్చంగా అదే. పెళ్లిచూపుల రోజు మామగారు నా జాతకం కన్నా ముందు, "ఫార్మసిస్టుగా రిజిస్టరు అయినావా అమ్మా?" అని అడిగారు. మా ఇంట్లో చాలాకాలం ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

మామగారు చెడ్డ మనిషి కాదు. నలభై ఏళ్లుగా ఆ షాపులో కూర్చున్నారు, జనం ఆయన్ని శెట్టి అంటారు. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి షుగరో, ఎవరికి ఉబ్బసమో ఆయనకు కంఠతా తెలుసు. చదువురాని వాళ్ల కోసం ఆయన కనిపెట్టుకున్న పద్ధతి ఒకటుంది. స్ట్రిప్పు అంచున కత్తెరతో ఒక గాటు పెడితే రోజూ పొద్దున ఒకటి. రెండు గాట్లు పెడితే పొద్దునా రాత్రీ. మూడు గాట్లయితే మూడు పూటలా. గుడ్డిదీపంలో కూడా వేలితో తడిమి తెలుసుకోవచ్చు. ఆ పద్ధతిని నేనే క్లాసులో మెచ్చుకుంటూ చెప్పిన రోజులున్నాయి.

ఆ ఏడాది ట్రైనింగుకి మౌనిక అనే అమ్మాయిని ఆ షాపుకే పంపాను. మిడుతూరు దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. ఆళ్లగడ్డలో వాళ్ల పెద్దమ్మ ఉంది కాబట్టి ఉండటానికి ఇబ్బంది లేదు. మూడో బెంచీలో కూర్చునేది, పెద్దగా మాట్లాడేది కాదు. నోరు తెరిచిందంటే మాత్రం అది ప్రశ్నే.

ఆమె వెళ్లిన రెండో వారం సుబ్బమ్మ అనే ఆమె షాపుకొచ్చింది. అరవై ఏళ్లుంటాయి. మిరప కోతలకు పోయే మనిషి. కీళ్లవాతంతో వేళ్లు ముడుచుకుపోయి కాయ తుంచలేని స్థితికి వచ్చింది. కర్నూలు డాక్టరు మెథోట్రెక్సేట్ రాశాడు. మంచి మందే. వారానికి ఒక్కసారి వేసుకుంటే చేతులు మళ్లీ తెరుచుకుంటాయి. అదే రోజూ వేసుకుంటే నోరు పుండవుతుంది, ఎముకల్లో రక్తం తయారవడం ఆగిపోతుంది, మనిషి పోతుంది. ఈ పాఠం నేను ఏటా చెబుతాను.

తర్వాత జరిగింది మౌనిక మాటలతో సహా లాగ్‌బుక్కులో రాసింది.

"అవ్వా, ఈ మాత్ర వారానికి ఒగటే. సోమారం మాత్రమే. రోజూ ఏసుకుంటే ప్రాణానికే చేటు. ఏదీ, నువ్వొకసారి చెప్పు."

"సోమారం మాత్రమే. సరే పాప."

మందు తీసుకునేవాళ్ల నోటితో మళ్లీ చెప్పించుకోవడం నేను నేర్పిందే. అంతలో మామగారు ఆ స్ట్రిప్పు అందుకుని, అలవాటు కొద్దీ అంచున ఒక గాటు పెట్టి సుబ్బమ్మ చేతిలో పెట్టారు. ఆమె మెట్లు దిగాక మౌనిక అడిగింది.

"తాతా, గాటు చూసి రోజూ ఏసుకోవాలనుకుంటాదేమో."

"నువ్వు నోటితో చెప్పినావు గదా పాప. గాటు లేకుంటే ఇది మన అంగట్లో కొనిందే కాదంటారు వీళ్లు."

మౌనిక బయటికొచ్చి నాకు ఫోన్ చేసింది. కాలేజీకి తనిఖీ వాళ్లు వస్తున్నారని మేమంతా ఫైళ్లలో మునిగి ఉన్నాం. విన్నాను. నాకు అర్థం కాకపోలేదు.

"ఇప్పుడు ఆయనతో వాదించొద్దు. పెద్దాయన. సాయంత్రం నేను చెబుతాలే" అన్నాను.

"ఆ అవ్వ ఊరికి పోయొస్తా మేడమ్. స్ట్రిప్పు మార్చి ఇచ్చొస్తా."

"అవసరం లేదు. నువ్వు చెప్పినావు, ఆమె తిరిగి చెప్పింది. చాలు."

ఆ సాయంత్రం మామగారికి ఫోన్ చేశాను కూడా. మోకాళ్ల నొప్పి ఎట్లా ఉందని అడిగాను. వానలు పడ్డాయా అని అడిగాను. గాటు మాట నాలుక చివరిదాకా వచ్చింది. నలభై ఏళ్ల వ్యాపారికి కోడలు కత్తెర పట్టుకోవడం నేర్పడమా అనిపించింది. పెట్టేశాను. మర్చిపోయానని చెప్పుకుంటే కొంచెం గౌరవంగా ఉండేది, కానీ మర్చిపోలేదు.

పది రోజులకు తనిఖీ వచ్చింది. ట్రైనింగులో ఉన్న పిల్లలందరూ తెల్ల ఏప్రాన్లతో కాలేజీలో కనబడాలి. అందరినీ పిలిపించే పని నాదే.

"నేను రాకుంటే కాదా మేడమ్? ఆ అవ్వ మళ్లా వస్తే చూద్దామని" అంది మౌనిక.

"స్ట్రిప్పుకు పది మాత్రలు. పది వారాలు వస్తాయి. ఇప్పుడే ఎందుకొస్తుంది?" అన్నాను. లెక్క సరిగ్గానే చెప్పాను.

రెండు రోజుల తనిఖీ బాగా జరిగింది. పేషెంట్ కౌన్సెలింగ్ గురించి ఒకాయన అడిగితే మౌనిక తడుముకోకుండా చెప్పింది. ఆయన నా వైపు చూసి తలాడించారు. రెండో రోజు వచ్చినవాళ్లను మహానంది దర్శనానికి తీసుకుపోయాం. నేను కొంగు నడుముకు చుట్టుకుని ప్రసాదం పంచుతున్న ఆ పూటే సుబ్బమ్మ ఖాళీ స్ట్రిప్పు పట్టుకుని ఆళ్లగడ్డలో మా షాపు మెట్లెక్కింది. నోరు పొక్కిందంటే మామగారు జెల్ ఇచ్చారు. మాత్రలు అయిపోయాయంటే ఇంకో స్ట్రిప్పు ఇచ్చారు. ఆ స్ట్రిప్పుకూ ఒక గాటు పెట్టారు.

మౌనిక తిరిగి వెళ్లిన మర్నాడు సుబ్బమ్మను కొడుకు బండి మీద తీసుకొచ్చాడు. జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం. రెండో స్ట్రిప్పు ఆమె కొంగున కట్టి ఉంది.

"అవ్వా, నేను వారానికి ఒగటని చెప్పలేదా?" అని మౌనిక అడిగిందట.

"నువ్వు చిన్నపిల్లవి పాప. శెట్టి గాటు ఎప్పుడూ తప్పు కాలేదు" అందట సుబ్బమ్మ, పుండు పడిన నోటితో.

ఫోన్ వచ్చేసరికి నేను క్లాసులో ఉన్నాను. "పద్నాలుగు రోజుల్లో పద్నాలుగు మింగింది మేడమ్" అంది మౌనిక. వెంటనే కర్నూలుకు తీసుకుపొమ్మన్నాను. దీనికి విరుగుడు ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్. అది పెడితే బతికే ఆశ కొంత ఉంటుంది, అదీ తొందరగా పెడితేనే. నంద్యాలలో నాకు తెలిసిన ప్రతి షాపుకూ ఫోన్ చేశాను. ఎవరి దగ్గరా లేదు. మర్నాటికి కర్నూలులోనే దొరికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. తెల్లకణాలు రోజురోజుకీ పడిపోయాయి. అయిదో రోజు సుబ్బమ్మ చనిపోయింది. కాగితాల్లో జ్వరం, ఇన్‌ఫెక్షన్ అని రాశారని విన్నాను. గాటు గురించి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

కర్మ అయ్యాక ఆమె కొడుకు షాపుకొచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. గొడవకే వచ్చాడనుకుని మామగారు లేచి నిలబడ్డారు. అతను జేబులోంచి స్ట్రిప్పు తీసి బల్ల మీద పెట్టాడు. ఆరు మాత్రలు మిగిలి ఉన్నాయి.

"ఇంగెవురికన్నా పనికొస్తాయేమో అని తెచ్చినా అక్కా. మా యమ్మ ఒక్క దినం గూడా తప్పలేదు. మీరు ఎట్ల చెప్తే అట్లనే ఏసుకునింది. ఏం జేస్తాం, ఆమెకు అంతే రాసిపెట్టి ఉండాది."

మౌనిక "అన్నా..." అంటూ ముందుకొచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. అతను దండం పెట్టి మెట్లు దిగిపోయాడు. మౌనిక నా వైపు చూసిన ఆ చూపు నా మీద ఇప్పటికీ ఉంది.

ట్రైనింగ్ ముగిసే రోజున ఆమె లాగ్‌బుక్కు తెచ్చింది. ఆ షాపు రిజిస్టర్డ్ ఫార్మసిస్టును నేనే కదా, సంతకం నేనే పెట్టాలి. గాటు, ఫోన్, నేను అన్న మాటలు, కొడుకు తెచ్చిన స్ట్రిప్పు, అన్నీ పేజీల్లో ఉన్నాయి. ఆ పేజీలు చించేయమని నేను అడుగుతానని ఆమె ఎదురుచూసింది. అడగలేదు. అడగకపోవడాన్ని ధైర్యం అనుకున్నాను కూడా. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టి, చివర 'సంతృప్తికరం' అని రాసి, పాత లాగ్‌బుక్కులన్నీ పడేసే బీరువాలో పెట్టించాను. అక్కడ ఎవరూ ఏదీ చదవరు.

మౌనిక డిగ్రీ పూర్తి చేసి హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగంలో చేరింది. రోగుల కాగితాలకు కంప్యూటరులో నంబర్లు వేసే పని. "ఎందుకమ్మా ఇంత చదివి?" అని అడిగాను. "చేత్తో మందు ఇచ్చే పని వద్దు మేడమ్" అంది. గోడ మీది నా సర్టిఫికెట్ తీసేయమని మామగారితో చెప్పాను. తీసి ఇచ్చారు. వారం తిరగకుండా అదే మేకుకు ఇంకెవరిదో వేలాడింది. ఆ మనిషి ఎవరో, ఏ ఊళ్లో ఉంటాడో నాకు తెలియదు.

ఈ కేసు నాకు ఏం నేర్పిందని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తెలియకపోవడం వల్ల ప్రాణాలు పోతాయని, అందుకే చదవాలని పిల్లలకు చెప్పేదాన్ని. ఇక్కడ తెలియనివాళ్లెవరూ లేరు. డాక్టరుకు తెలుసు, మామగారికి తెలుసు, నాకు తెలుసు, మౌనికకు అందరికన్నా బాగా తెలుసు. నాలుగేళ్లు నోరు తెరిచి చెప్పమని నేర్పి, చెప్పాల్సిన పూట ఆ నోరు మూయించింది నేనే. ఏటా పరీక్షలో ఆ ప్రశ్న ఇస్తాను. 'వారానికి ఒక్కసారి మాత్రమే' అని పిల్లలందరూ రాస్తారు. మార్కులు వేస్తాను.

ఆళ్లగడ్డ బస్టాండులో సుబ్బమ్మ కొడుకు అప్పుడప్పుడు ఎదురవుతాడు. "బాగుండావా అక్కా?" అని అడుగుతాడు. బాగున్నానంటాను.