ఊక దుమ్ము దావా

ఈ సాయంత్రం తిరుపతిలో మా వీధిన తవుడు బస్తాల బండి వెళ్లింది. ఆ వాసన తగలగానే, పాపకు పాలు పడుతున్న నాకు చిత్తూరులోని మా ప్లీడరు నరసింహులు గారు గుర్తుకొచ్చారు. పెళ్లికి ముందు ఆయన దగ్గర టైపిస్టుగా పనిచేశాను. పాప నిద్రపోయింది గనక రాయడానికి కూర్చున్నాను.

ఆయనకొక అలవాటుండేది. దావా వేయమని ఎవరొచ్చినా ముందు వాళ్లింటికి వెళ్లి అన్నం తినేవారు. "కాయితం మీద అందరి కష్టమూ ఒకే మాదిరి కనపడ్తుంది పాపా. ఇంట్లో కూర్చుంటేనే తెలిసేది" అనేవారు నాతో. మునెమ్మ అనే ఆమె వచ్చినప్పుడు నన్నూ తీసుకెళ్లారు. ఆమె ఇల్లు బియ్యం మిల్లు గోడను ఆనుకుని ఉంది. ఆమె ఒళ్లో చంటిబిడ్డ పిల్లికూతలతో ఊపిరి లాగుతోంది. కంచంలో అన్నం కలిపేలోపే దానిమీద ఊక దుమ్ము పడింది. ఆయన అలాగే తిన్నారు.

"నీకేం కావల్ల మునెమ్మా?"

"ఆ మిల్లాయన్ని జైల్లో ఏపియ్యి సామీ."

"సివిల్ కోర్టులో జైలు యాడిదమ్మా? జరిగిన నష్టానికి పరిహారం అడగొచ్చు. ఇంక జరగకుండా ఆపమనీ అడగొచ్చు."

"పరిహారమే అడగండి సామీ" అన్నాడు ఆమె భర్త.

మునెమ్మ గిర్రున తిరిగింది. "దుడ్డు తెచ్చి బిడ్డ ముక్కుల్లో పెడ్తావా?"

ఆఫీసుకు వచ్చాక, మిల్లే మూయించమని అడుగుదామన్నాను నేను ఆవేశంగా. ఆయన నవ్వారు. "మిల్లులో పనిచేసే ఆడోళ్లకీ బిడ్డలుండారు పాపా. మనకు దుమ్ముతోనే పని. అంతే అడుగుదాం."

మునసబు కోర్టులో అవతలి వకీలు, "దుమ్ము ఎవరింట్లో ఉండదు?" అని ఎగతాళి చేశాడు. మా ప్లీడరు గారు, "నేను ఆ ఇంట్లో అన్నం తిన్నాను" అన్నారు.

"మీరు సాక్షి కారు కదా" అన్నారు మునసబు గారు.

"అందుకే చూసి రావడానికి కోర్టు తరఫున కమిషనర్ని పంపమంటున్నానండీ. అన్నం వేళకే పంపండి."

కమిషనరు వెళ్లి చూసి రిపోర్టు ఇచ్చాడు. దుమ్ము బయటికి రాకుండా గది కట్టేదాకా మిల్లు తిప్పకూడదని ఇంజంక్షన్ ఉత్తర్వు వచ్చింది. మిల్లాయన తిట్టుకుంటూనే గది కట్టించాడు. కొన్నాళ్లకు మునెమ్మ వచ్చి, "బిడ్డ తెల్లార్లూ నిద్రపోయినాది సామీ" అంది. ఆయన అటు తిరిగి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

నా పాపకు ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, లోకమంతటి మీదా దావా వేయాలనిపిస్తుంది నాకు. అప్పుడు జరిగిపోయినదాన్ని పక్కన పెట్టి, ఇంకా ఆపగలిగినదేమిటని వెతుక్కుంటాను. అది ఎప్పుడూ చిన్న పనే: కిటికీ వేయడమో, డాక్టరు దగ్గరికి వెళ్లడమో. భయం పోదు. కానీ లేచి ఆ పని చేస్తాను.