ఊరి పేరు రాసిన బిల్లులు

మా గానుగ విడపనకల్లులో ఉంది. రోడ్డుకు ఇటు నిలబడితే ఉరవకొండ బస్సు, అటు నిలబడితే బళ్ళారి బస్సు. మా ఇంట్లో పెళ్ళి బట్టలకూ పంటి నొప్పికీ అటే నిలబడతాం. అనంతపురం ఎప్పుడైనా కలెక్టరాఫీసులో పని పడితేనే. అందుకని బళ్ళారి వేరే రాష్ట్రమన్న సంగతి మా నాయనకు తెలుసు గానీ, నమ్మకం మాత్రం లేదు.

మేము ఆడేది వేరుశనగ నూనె. చిన్న వ్యాపారులకు జీఎస్టీలో కాంపోజిషన్ అని ఒక వెసులుబాటు ఉంది. అమ్మకం మీద నూటికి రూపాయి మనమే కట్టేస్తే చాలు, కొనేవాళ్ళ దగ్గర పన్ను తీసుకోకూడదు. నాయన అందులో చేరాడు. నేను బీకాం చదివి వచ్చినా బిల్లుల పుస్తకం నా చేతికివ్వలేదు. బిల్లు రాయడంలో ఆయనకొక పద్ధతుంది మరి. ఉత్త పేరు రాసిస్తే మనిషిని తక్కువ చేసినట్టని ఆయన లెక్క. ఊరు, వీధి, ఎవరి కోడలు, ఎవరి తమ్ముడు, అన్నీ రాస్తాడు. అరలీటరు నూనెకు వచ్చినవాళ్ళు వంశవృక్షం పట్టుకుని పోతారు.

మా పెద్ద గిరాకీ బళ్ళారిలో ఖానావళి నడిపే ఒక అక్క. జొన్నరొట్టెల భోజనం పెట్టే మెస్సు అది. వారానికి ఆరు టిన్నులు. నాయన ప్రతి మంగళవారం వాటిని బస్సెక్కించి, కండక్టరు చేతిలో బిల్లు పెట్టేవాడు. బిల్లు మీద ఖానావళి అడ్రసు, జిల్లా, రాష్ట్రంతో సహా ఉండేది. ఆ ఆరు టిన్నులతోనే గానుగ తిరిగేది. ఊరంతా కలిసి కొనేది కరెంటు బిల్లుకు చాలేది.

పోయిన వేసవిలో ఏడాది రిటర్ను వేయించడానికి గుంతకల్లులో అకౌంటెంటు దగ్గరికి వెళ్ళాం. ఆయన బిల్లుల పుస్తకం తిప్పుతూ తిప్పుతూ ఆగి, కళ్ళజోడు తీశాడు.

"ఏమప్పా, బళ్ళారికి అమ్ముతాండావా?"

"ఇప్పుడా సార్? మా నాయన కాలం నుంచీ అమ్ముతాండాం."

"కాంపోజిషన్‌లో ఉండి బయటి రాష్ట్రానికి అమ్మకూడదప్పా. సరుకు ఈడ బయల్దేరి ఆడ దిగినాదంటే రాష్ట్రం దాటినట్టే."

"బళ్ళారి బయటేంది సార్? మా చెల్లెల్ని ఆడికే ఇచ్చినాం!"

"అత్తను పంపినందుకు పన్ను లేదు నాయనా," అన్నాను. "నూనెకుండాది."

"మరి యాడికి అమ్మొచ్చు?"

"ఆంధ్రాలో యాడికైనా. ఇచ్ఛాపురం దాకా," అన్నాడు అకౌంటెంటు.

ఇచ్ఛాపురం రైల్లో ఒక రాత్రి, ఇంకాస్త పగలు. బళ్ళారి గంట. నాయన కాసేపు ఆలోచించి నావైపు తిరిగాడు. "ఇచ్ఛాపురంలో మనోళ్ళు ఎవరన్నా ఉండారా పాపా?"

అకౌంటెంటుకు జాలేసినట్టుంది. "ఆయమ్మే మీ అంగడికొచ్చి, అడ్రసు రాయించుకోకుండా ఎత్తుకపోయింటే ఈడి అమ్మకమే అయ్యేది. నువ్వు బస్సులో పంపినావు, అది చాలదని రాష్ట్రం పేరు కూడా రాసినావు. ఇంత చక్కగా తన మీద తానే సాక్ష్యం రాసుకున్నోన్ని నేను చూల్లేదు."

పాత బిల్లులన్నిటికీ తేడా పన్ను, వడ్డీ, జరిమానా మేమే కట్టాలి. ఇక ముందుకు రెండే దారులు: బళ్ళారిని వదలడం, లేదా కాంపోజిషన్‌ను వదలడం.

తిరుగు బస్సులో నాయన కిటికీలోంచి బీడు చేలను చూస్తూ, "గానుగ మూసేస్తా పాపా. నాతోనే సరి," అన్నాడు.

"మూయల్లన్నా ఒక ఫారం నింపల్ల నాయనా. దానికీ ఆ సార్‌కు ఫీజియ్యల్ల."

మూత వాయిదా పడింది.

రెండు మంగళవారాలు టిన్నులు పోలేదు. రెండోది దాటిన మూడో రోజున ఖానావళి అక్క ఫోన్ చేసింది. నాయన స్పీకరు పెట్టి అంతా చెప్పాడు.

"బిడన్నా, ఇడ్సిపెట్టు! నాకు బిల్లు యాకె, ఎందుకు? బిల్లు లేకుండా బస్సులో ఏసేయ్. ఈడి మిల్లు నూనెతో వండితే రొట్టెలు తినేవాళ్ళు మొహం ముడుస్తాండారు. ఇంకొక్క వారం చూస్తా, అంతే."

నాయన ఫోన్ వైపు చూశాడు. "పేరు లేకుండా పంపితే దొంగ నూనె అయితాది తల్లీ. నా వల్ల కాదు."

ఫోన్ పెట్టేశాక బిల్లుల పుస్తకం నా ముందుకు తోశాడు. "నువ్వే చూడు," అన్నాడు. ఆ సాయంత్రమే కాంపోజిషన్ నుంచి బయటికి వస్తున్నామని దరఖాస్తు పెట్టాను. స్కూటీ కొనే మాట ఇంట్లో నేనే తీయడం మానేశాను. దానికని దాచిన డబ్బు జరిమానాకు పోయింది. అక్కను మాత్రం పోనివ్వదలచుకోలేదు.

నాయనకు నేర్పడానికి రెండు ఖాళీ డబ్బాలు తెచ్చాను. నూనె మీద పన్ను నూటికి ఐదు, ఇక కొనేవాళ్ళ దగ్గరే తీసుకుని కట్టాలి. కొన్న మనిషి మన రాష్ట్రంలో ఉంటే ఢిల్లీ డబ్బాలో రెండున్నర, మన రాష్ట్రం డబ్బాలో రెండున్నర. సరుకు బయటి రాష్ట్రంలో దిగితే ఐదూ ఒకే పేరుతో ఢిల్లీకి పోతాయి. వాడుకున్న రాష్ట్రానికి దాని వాటా వాళ్ళే ఇస్తారు.

"యాడ ఏసినా ఐదే కదా?"

"ఐదే. తప్పు డబ్బాలో ఏస్తే మాత్రం సరైన డబ్బాలో ఇంకో ఐదు ఏసి, ముందేసింది ఎనక్కియ్యమని అడుక్కోవల్ల."

"ఇచ్చేదేదో దేవుని హుండీలో ఏసింటే ఇన్ని అడగడు," అన్నాడు నాయన. నేర్చుకున్నాడు మాత్రం.

కొత్త బిల్లు కంప్యూటర్లో తీశాను. ఖానావళి అడ్రసు, రాష్ట్రం, ఐదు శాతం. "ఎవరి కోడలో రాయలేదే?" అన్నాడు. దానికి గడి లేదన్నాను. ఆయన పెన్ను తీసి అచ్చు కింద ఖాళీలో రాసేశాడు.

మంగళవారం ఆరు టిన్నులతో నేనే బస్సెక్కాను. అక్క పిండి చేతులు తుడుచుకుని బిల్లు పట్టుకుంది.

"నూనె అదే కదా, ఐదు ఎక్కువేంది?"

"అది మేము ఉంచుకునేది కాదక్కా. అందులో వాటా మీ కర్ణాటకకే వస్తాది."

"నాకొస్తుందా?"

"రాదు."

అక్క నవ్వింది. అడుగున పెన్నుతో రాసిన చోట ఆమె వేలు ఆగింది. "మా మామ పోయి ఎనిమిదేళ్ళాయె. ఆయన పేరు ఇంక మీ నాయన ఒక్కడే రాస్తాడు." ఆమె వెంటనే తలెత్తింది. "సరే, టిన్నుకు ఎంత తగ్గిస్తావు?"

తగ్గించలేదు. గంటసేపు ఆమె వంటింటి గడపలో కూర్చుని, రెండు రొట్టెలు తిని, తగ్గించలేదు. ఆఖరికి, "ఐదు దించు. ఆరోది నీ పట్టుదలకు జరిమానా," అంది. ఐదింటికి బిల్లు మార్చి పంపుతానని ఒప్పుకుని, ఆరో టిన్ను నెత్తిన పెట్టుకుని బస్టాండుకు నడిచాను.

నాయన రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు, బళ్ళారి నుంచి వచ్చే బస్సు ఆగేచోట. టిన్ను చూడగానే ఆయన మొహం వాలిపోయింది.

"ఒక్కటే కదా నాయనా ఎనక్కొచ్చింది," అన్నాను టిన్ను దించుతూ. "వచ్చే మంగళవారం ఏడు తీసుకపోతా."