కొత్తపాలెం లేని జాబితా

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకి నేను విజయవాడలో ఒక వ్యవసాయ పత్రిక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. మాది చల్లపల్లి దగ్గర ఊరు. చందాదారుల విభాగంలో ఉన్నది ఇద్దరమే. రెండో ఆయన వించిపేటలో ఉండే ఒక ముస్లిం పెద్దాయన, అరవైకి దగ్గరపడ్డవారు. నేను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని.

ఏజెంట్లు పంపిన అడ్రసులు పాత ప్రోగ్రాంలో ఉండేవి. వాటిని చూసి కొత్త ప్రోగ్రాంలోకి ఎక్కించడం ఆయన పని. వేళ్లు నెమ్మదే గానీ, డెల్టాలో ఏ పల్లెకి ఏ పోస్టాఫీసో ఆయనకి కంఠతా వచ్చు. మా జాబితాలో కొత్తపాలెం పేరుతోనే ఎన్నో ఊళ్లున్నాయి. అడ్రసు చివర ‘వయా’ అని రాసిన పెద్ద ఊరి పేరు చూసి, అది లేకపోతే ఏజెంటు ఎవరో చూసి, అది ఏ కొత్తపాలెమో తేల్చేవారు. అప్పటికీ తేలకపోతే ఫోన్ చేసి కనుక్కునేవారు.

ఒక ప్రదర్శనలో నేను సాఫ్ట్‌వేర్ రోబోని చూశాను. మనం ఒకసారి చేసి చూపిస్తే చాలు, ఒక స్క్రీన్ మీద ఉన్నది తీసి ఇంకో స్క్రీన్‌లో దానంతటదే టైపు చేసుకుంటూ పోతుంది. మర్నాడే వెళ్లి మా యజమానికి చెప్పాను. ఆయన రెండు కంపెనీల దగ్గర ట్రయల్ కాపీలు తెప్పించారు.

“రెండిట్లో ఏది బాగుందో నువ్వే చూసి రాసివ్వమ్మా. తప్పులు పెద్దాయన దిద్దుతారు,” అన్నారు.

మూడు వందల అడ్రసులు, వరసలో ఎలా ఉంటే అలా తీసి రెండిటికీ ఇచ్చాను. మొదటిది, పోస్టాఫీసుల పట్టికలో ఊరి పేరు రెండు మూడు చోట్ల కనిపిస్తే చాలు, ఆగిపోయేది. మనం వెళ్లి ఏదో ఒకటి నొక్కేదాకా కదిలేది కాదు. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళ దాటింది. రెండోది ఎక్కడా ఆగలేదు, గంటలో ముగించింది. కానీ ప్రతి కొత్తపాలేనికీ పట్టికలో మొదట కనిపించిన పోస్టాఫీసునే తగిలించింది. బాబాయ్ గారు ఎర్ర పెన్నుతో సున్నాలు చుడుతుంటే కాగితాలు నిండిపోయాయి.

“ఆ ఆగేదే నయమమ్మా. తెలీనప్పుడు ఆగుద్ది, అడుగుద్ది. ఇది చూడు, తెలీకపోయినా తెలిసినట్టే రాసుకుంటా పోతంది,” అన్నారు.

నాకు మనసు చివుక్కుమంది. రోబో సంగతి తెచ్చింది నేను. గంటలో పని అయిపోతుందని యజమాని ముందు గొప్పగా చెప్పిందీ నేనే. ఆ సాయంత్రం మళ్లీ మూడు వందలు తీశాను, ఈసారి ఏరి తీశాను. గుణదల వీధులు, ఇబ్రహీంపట్నం క్వార్టర్లు, పిన్‌కోడుతో సహా శుభ్రంగా ఉన్నవే. కొత్తపాలేలన్నీ పక్కన పెట్టేశాను.

రెండో రోబో ఈసారి రెండే తప్పులు చేసింది. బాబాయ్ గారు కాగితాలు ఒకటికి రెండుసార్లు తిరగేశారు.

“ఇందులో కొత్తపాలెం ఒక్కటీ లేదేంటమ్మా?”

“వరసలో ఎలా వస్తే అలా తీశానండి బాబాయ్ గారూ. ఈసారి అలా వచ్చాయి.”

ఆయన నా రిపోర్టు కింద, ‘సరిచూసినవారు’ అన్నచోట సంతకం పెట్టారు.

నెల తిరక్కుండానే యజమాని రెండో రోబోని కొని, ఆయన్ని కింద పార్సిల్ గదికి మార్చారు. పత్రికలు కట్టలు కట్టే పని అది. వంగి లేస్తుంటే నడుం పట్టేసేది. మెట్ల దగ్గర నేను ఎదురైతే ఎప్పట్లాగే “తిన్నావా అమ్మా” అని అడిగేవారు. నేను తలదించుకుని “ఆఁ అండీ” అనేదాన్ని. నాలుగు నెలలకి మానేశారు.

ఆ తర్వాత, రోబో ఎక్కించిన అడ్రసులకి పత్రికలు పంపడం మొదలుపెట్టగానే, ఫిర్యాదు ఉత్తరాలు వచ్చాయి. పత్రిక రాలేదని కొందరు, వేరే వాళ్ల పత్రిక మా ఊరొచ్చిందని కొందరు. యజమాని అడిగితే, పోస్టు వాళ్ల ఆలస్యమని చెప్పాను. అదీ అబద్ధమే. చివరికి తప్పుల జాబితా ప్రింటు తీసుకుని, ఒక ఆదివారం వించిపేటలో బాబాయ్ గారింటికి వెళ్లాను.

ఆయన వరండాలో చాప వేయించి, పెన్ను తీసుకుని దిద్దడం మొదలుపెట్టారు. వాళ్లావిడ టీ ఇచ్చారు. రెండో ఆదివారం కూడా వెళ్లాను. ఆ రోజు ఉండబట్టలేక చెప్పేశాను.

“బాబాయ్ గారూ, ఆ రెండో జాబితా నేను ఏరి తీశానండీ.”

“తెలుసమ్మా,” అన్నారు, తలెత్తకుండానే. “మూడొందల్లో ఒక్క కొత్తపాలెమైనా తగలకుండా ఉంటదా?”

“మరి సంతకం ఎందుకు పెట్టారండీ?”

“నీ అంతట నువ్వు చేసేదానివి కాదుగా. అయ్యగారు చేయించుంటారు అనుకున్నా. నేను కాదంటే నీ ఉద్యోగానికి ఎసరొస్తదని పెట్టా.”

అక్కడ ఊరుకుని ఉంటే నా మీద ఆయనకున్న నమ్మకం అలాగే మిగిలేది. ఊరుకోలేకపోయాను.

“ఎవరూ చేయించలేదండీ. నేనే చేశాను.”

పెన్ను ఆగింది. ఆయన కాగితాలన్నీ సర్ది, “మిగతాయి నేను చూసి ఉంచుతాలేమ్మా, నువ్వెళ్లు,” అన్నారు.

పై ఆదివారం వెళితే వాళ్లావిడ గుమ్మంలోనే కట్ట అందించారు. “ఆయన పడుకున్నారు,” అన్నారు. లోపల్నుంచి ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. టీ తాగి వెళ్లమని అనలేదు.

కట్ట విప్పి చూస్తే ఒక్క అడ్రసు కూడా వదల్లేదు. ఏ ఏజెంటుకి ఫోన్ చేసి కనుక్కున్నారో కూడా పక్కన చిన్న అక్షరాలతో రాసిపెట్టారు. నేను వాటిని ఎక్కించి, ఆ రోబోని పక్కన పెట్టి, ఆగే రోబోనే తెప్పించమని యజమానికి చెప్పాను. ఫిర్యాదులు తగ్గాయి. “భలే దారిలో పెట్టావమ్మా” అని యజమాని మెచ్చుకుని, విభాగం మొత్తం నాకు అప్పగించారు. అవన్నీ దిద్దింది ఎవరో చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే ఆ మొదటి రిపోర్టు సంగతీ చెప్పాలి. “థాంక్సండీ” అని బయటికొచ్చేశాను.