నాయనమ్మ పూరీ వెళ్ళినప్పుడు చిన్నాన్న భోజనాలు

మా చిన్నాన్నకి అప్పటికే మీసాలు నెరుస్తున్నాయి. బుద్ధి మాత్రం అయిదేళ్ళ దగ్గరే ఆగిపోయింది. మా ఉద్దానం కొబ్బరితోటల్లో రాలిన మట్టలు ఏరమంటే పొద్దంతా ఏరేవాడు. మాతో గోళీలాడి ఓడిపోతే దొర్లి దొర్లి ఏడ్చేవాడు. మాకు ఆయనంటే ప్రాణం. నాయనమ్మకి మాత్రం ఒకటే బెంగ, తను పోయాక వీడికి ముద్ద ఎవరు పెడతారని. పక్క గుమ్మంలోనే ఉన్న మా అమ్మని కూడా నమ్మేది కాదు మహాతల్లి.

అందుకే ఒకసారి అందరికీ పరీక్ష పెట్టింది. పలాసకి రైలు వచ్చి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. ఊళ్ళోవాళ్ళు పూరీ జగన్నాథుణ్ణి చూడ్డానికి బయలుదేరుతుంటే తనూ మూట కట్టింది. వెళ్ళేముందు మా అమ్మని పెరట్లోకి పిలిచింది. చిన్నాన్న ఊరికే అన్నం తినడు. ఆవులు ఇంటికొచ్చాయా నాయనా అని అడగాలి, ఆయన వొచ్చీసినాయి అనాలి, అప్పుడే నోరు తెరుస్తాడు. అదంతా అప్పజెప్పి, "నిన్నొక్కద్దాన్నే నమ్మినానే కోడలా. ఎవులకీ సెప్పకు" అంది. మా అమ్మ పొంగిపోయింది.

ఎదురింటి అత్తకీ, ఆ పక్కింటి వదినకీ, వీధిలో ప్రతి గుమ్మంలోనూ విడివిడిగా అదే మాట చెప్పిందని మాకేం తెలుసు? తెల్లారేసరికి బండెక్కి వెళ్ళిపోయింది.

ఇక చూడాలి చిన్నాన్న వైభోగం. మా ఇంట్లో చోడి అంబలి తాగి మూతి తుడుచుకుంటూ బయటపడితే ఎదురింటి అత్త చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయేది. అక్కడ పనసపొట్టు కూర. పక్కింట్లో ఎండునెత్తళ్ళ పులుసు. వీధి చివర పొంగడాలు. అంతా గుట్టుగా, తలుపులు దగ్గరికేసి. లోపల ఆవుల సంగతి గుసగుసగా అడగడం, వొచ్చీసినాయని ఈయన వీధి అదిరేలా కేకెయ్యడం. ఒక్కచోటా చాలనలేదు. ఎందుకంటాడు? రోజురోజుకీ పంచె ముడి వదులు చేసుకుంటూ తిరిగాడు. మేమూ వెనకాలే పోయి పొంగడాలు కొట్టేసేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం తోటలో గుట్టు బయటపడింది. చిన్నాన్న దగ్గరికి ఇటునుంచి మా అమ్మ, అటునుంచి ఎదురింటి అత్త, ఇద్దరూ కొంగుచాటు గిన్నెలతో వచ్చి ఎదురుపడ్డారు. అప్పజెప్పింది నాకంటే నాకని కాసేపు వాదించుకున్నారు. అంతలో పక్కింటి వదిన మూడో గిన్నెతో వచ్చింది. ముందు మా అమ్మకి నవ్వొచ్చింది, తర్వాత ముగ్గురూ ఇసకలో కూలబడి పొట్టలు పట్టుకున్నారు. ఎందుకో తెలియకుండానే చిన్నాన్న కూడా పగలబడి నవ్వి, మూడు గిన్నెలూ ఖాళీ చేశాడు. వంతులు వేసుకుందామనుకున్నారు గాని, తెల్లారి మళ్ళీ మామూలే. ఆయన్ని వదులుకోవడానికి ఏ ఇల్లూ ఒప్పుకోలేదు.

కొడుకు ఎండిపోయి ఉంటాడని గుండె చిక్కబట్టుకుని నాయనమ్మ తిరిగొచ్చింది. బండి దిగేసరికి ఎదురింటి అరుగు మీద బొజ్జ నిమురుకుంటూ కనిపించాడు. ఎలా ఉన్నావురా అని అడిగింది. ఆయన తల్లిని ఎగాదిగా చూశాడు.

"అమా, మళ్ళీ ఎప్పుడెల్తావు?"

వీధంతా గతుక్కుమంది. మా అమ్మ తలెత్తలేదు. నాయనమ్మ బండిచక్రం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వింది. తర్వాత మా అమ్మ భుజమ్మీద చెయ్యేసి, "ఇంక నాను ఎప్పుడు సచ్చిపోయినా బెంగలేదే కోడలా" అంది.

మా అమ్మ బావురుమంది. చిన్నాన్న అప్పటికే ప్రసాదం మూట విప్పేస్తున్నాడు.