చిట్గుప్పలో ఆడిన అమెరికా నాటకం

నేను పదో తరగతిలో ఉండగా మా చరిత్ర సారు ఒక నాటకం రాశారు. బీదరులో మా బడికి ఎక్కడినుంచో పాత అమెరికా పత్రికలు కట్టలుగా వచ్చేవి. వాటిలో ఒక వార్తను ఆయన రెండు రోజులు మళ్ళీ మళ్ళీ చదివారు. బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్నందుకు ఒక నల్లజాతి స్త్రీని పోలీసులు పట్టుకుపోయిన సంగతి అది. దాన్ని పాఠంగా చెప్పడానికి బదులు మాచేత ఆడించాలనుకున్నారు. సారుది మాలాగే బీదరు పక్కనున్న చిద్రి ఊరు. మాలాగే క్రైస్తవులు. అయినా ఊళ్ళో మమ్మల్ని పాత కులం పేరుతోనే పిలిచేవారు.

ఆ స్త్రీ వేషం నాది. మొహానికి మసి పూసుకోవాలా అని అడిగాను.

"వద్దు బిడ్డా, నీ మొకం నీకుండనీ," అన్నారు.

బెంచీలు వరసగా వేస్తే బస్సు. చేతికి సైకిలు చక్రం ఇస్తే డ్రైవరు.

"మన సంగతే రాయొచ్చు గద సార్," అంది నా పక్కనున్న పిల్ల.

"మన సంగతి జెప్తే కొట్టనీకి వస్తరు. పరాయి దేశంది జెప్తే కూసోని ఇంటరు. ఇన్నంక వాల్లకే సమజైతది."

చిట్గుప్ప ఊరి బడి జల్సాకు, అంటే వార్షికోత్సవానికి, మమ్మల్ని పిలిచారు. ముందు వరసలో అక్కడి పటేలు కూర్చున్నాడు. పోలీసు నా రెక్క పట్టి లాగే చోట ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అయిపోయాక దగ్గరికొచ్చి, "గా అమెరికోల్లు గింత పాపిష్టోల్లా అమ్మా? మనిషిని మనిషి లెక్క సూడరా?" అన్నాడు. సారు మొహం వెలిగిపోయింది.

మధ్యాహ్నం భోజనం పటేలు ఇంట్లోనే. అక్కడి టీచర్లను లోపలికి పిలిచారు. సారునీ మమ్మల్నీ ఎడ్ల కొట్టం పక్కకు తీసుకెళ్ళి విస్తళ్ళు వేశారు. నీళ్ళు పైనుంచి దోసిట్లో పోశారు. పటేలు స్వయంగా వచ్చి, "కడుపునిండ తినుండ్రి, మొగమాటపడకుండ్రి," అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. మర్యాద చేస్తున్నాననే అనుకున్నాడు.

సారు కూర్చోలేదు. మా వైపు చూశారు. లేవాలని నాకు తెలుసు. కానీ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. అన్నం మీద వేడి పప్పు పోశారు. తిన్నాను. రెండోసారి వడ్డిస్తే కూడా వద్దనలేదు.

తిరుగు బస్సులో ఎందుకు తినలేదని అడిగితే, "ఆకలైతలేదు," అన్నారు సారు. కాసేపటికి, "ఆయన నిజంగనే ఏడ్శిండు బిడ్డా. నేను జూసిన," అన్నారు. సారును విరిచేసింది పటేలు కన్నీళ్ళేనని అప్పుడు నాకు అర్థం కాలేదు.

మన్నాఏఖేళ్ళి బడి నుంచి నాటకానికి పిలుపు వస్తే, పిల్లలకు పరీక్షలున్నాయని చెప్పి వచ్చినవాళ్ళను పంపేశారు. మళ్ళీ నాటకం రాయలేదు. క్లాసులో నోట్సు చెప్పి రాయించేవారు, అంతే. ఆ గొంతులో ఎత్తూ పల్లమూ ఉండేవి కావు. మేము వింటున్నామో లేదో కూడా చూసేవారు కాదు.

పెద్దయ్యాక నేనూ ఒక కన్నడ బడిలో చరిత్రే చెప్పాను. ఆ బస్సు సంగతి విని ఒక పిల్ల, "మీరైతే ఏం చేసేవారు టీచర్?" అని అడిగింది. నా జవాబు ఆ ఎడ్ల కొట్టం పక్కనే తేలిపోయింది. పేజీ తిప్పమన్నాను.