అద్దం నడిమధ్య చీటీ

కత్తెర తాతకి పదిహేడు భాషల్లో "చెవి జాగ్రత్త" అనడం వచ్చు. వచ్చు అంటే అంతే వచ్చు. అంతకుమించి ఒక్క ముక్క అడిగితే నోరు వెళ్ళబెడతాడు. "తల వంచు", "పొట్టిగానా?", "కదలకు", "చెవి జాగ్రత్త". ఈ నాలుగు ముక్కలతోనే నలభై అయిదేళ్ళుగా ఆ వీధిలో దిగిన జనమందరి తలలూ చక్కబెడుతున్నాడు. కొత్త భాషవాడు ఎవడైనా కుర్చీలో కూర్చుంటే ముందు ఆ నాలుగూ చెప్పించుకుని, చీటీ మీద రాసుకుని, అద్దం అంచున అంటిస్తాడు. ఆ తర్వాతే మెడకు గుడ్డ కడతాడు. అది ఆయన పద్ధతి.

ఆ చీటీలు చూస్తే చాలు, వీధి సంగతి తెలిసిపోతుంది. అన్నిటికన్నా కింద, పచ్చబారి పోయినవి రేవు కూలీలవి. వాళ్ళు పోయి తాపీమేస్త్రులు వచ్చారు. మేస్త్రులు కట్టిన మేడల్లోకి మేస్త్రులు తప్ప అందరూ వచ్చారు. నర్సులు, వంటవాళ్ళు, లారీ డ్రైవర్లు, ఎక్కడో యుద్ధం తప్పించుకుని పిల్లాజెల్లాతో వచ్చిపడ్డవాళ్ళు. ఒకే మెట్ల మీద నలుగురు ఎదురైతే నాలుగు భాషలు. ఎవరి గోల వాళ్ళది.

వీళ్ళందరికన్నా ముందు అక్కడున్నది గంపలవాళ్ళు. వెదురు చీల్చి బుట్టలు అల్లేవాళ్ళు. ప్లాస్టిక్ వచ్చి బుట్ట పోయింది, మేడ వచ్చి పాక పోయింది, వాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. వాళ్ళ మాటకి మాత్రం అద్దం మీద చీటీ లేదు. వాళ్ళ మగవాళ్ళు జుట్టు ఇంట్లోనే కత్తిరించుకునేవారు మరి. చిత్రమేమిటంటే, తాత పెళ్ళాడింది గంపలవాళ్ళ పిల్లనే.

ఇష్టపడే చేసుకున్నాడు, కాదనను. కానీ పెళ్ళయిన మూడో రోజున ఆమె, వాళ్ళమ్మా గుమ్మంలో నిలబడి తమ మాటలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటుంటే ఈ మహానుభావుడు ఏమన్నాడు? "మా ఇంట్లో ఆ గుసగుసలు వద్దు. రేపు పిల్లలు పుడితే రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టవుతుంది" అన్నాడు. అంతే, ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నలభై మూడేళ్ళు నగరం భాషలోనే కాపురం చేసింది, కొడుకుని పెంచింది, మొగుణ్ణి తిట్టింది. "ఊరందరి తలలూ దువ్వుతారు, నా జుట్టు కొసలు కాస్త కత్తిరించమంటే చేతులు రావు" అని దెప్పేది. "ఆడవాళ్ళ జుట్టు నా పని కాదే" అనేవాడు. "పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!" అని మళ్ళీ తనే నవ్వేసేది.

ఈ ఏడు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. ఎడమ చెయ్యి లేచినా ఎటు పోతుందో దానికే తెలియదు. వాటితోపాటు నగరం భాష కూడా పోయింది. "నేర్చుకున్న మాట తుడిచిపెట్టుకుపోయింది, పుట్టుమాట మిగిలింది. ఒక్కోసారి ఇలా జరుగుతుంది. ఆ భాష తెలిసినవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు?" అని డాక్టరు అడిగాడు. కొడుకు తండ్రి వైపు చూశాడు. తండ్రి నేల వైపు చూశాడు. ఆమె తల్లీ అన్నా ఏనాడో పోయారు. అన్న పిల్లలకి ఆ మాట ఒక్క ముక్కా రాదు.

ఇంటికి తెచ్చాక ఆమెది ఒకటే మాట. "లిగ్గ సెరో... లిగ్గ సెరో." పొద్దున అదే, సాయంత్రం అదే, కళ్ళనీళ్ళు పెట్టుకుని అదే. కోడలికి పేరు పెట్టడానికి లేదు. ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది, పొద్దున్నే నూనె రాసి బిగించి జడ వేసేది, జావ తాగించేది. "అత్తయ్యకి ఏం కావాలో తెలిస్తే కాళ్ళు పట్టుకునైనా తెస్తాను మామయ్యా" అని ఏడ్చేది.

తాత ఆ రెండు మాటలూ చీటీ మీద రాసి అద్దం నడిమధ్య అంటించాడు. వచ్చిన ప్రతివాణ్ణీ, గుడ్డ కట్టకముందే, "ఇది మీ భాషా? అర్థమేమిటి?" అని అడిగాడు. మేస్త్రి "మా దగ్గర ఇలాంటి మాటే ఉంది, గాలి అని" అన్నాడు. కిటికీలు తెరిచారు. వంటవాడు "ఉప్పు" అన్నాడు. జావలో ఉప్పు పెంచారు. నర్సమ్మ "బిడ్డ" అంది. బస్సు నడిపే కొడుకు సెలవు పెట్టి మూడు రోజులు తల్లి పక్కనే కూర్చున్నాడు. ఎవరికి ఏది కరువో వాళ్ళకి అదే వినిపించింది. ఆమె మాత్రం "లిగ్గ సెరో" మానలేదు.

చివరికి తాత జనాభా లెక్కల ఆఫీసుకి పోయాడు. గుమాస్తా మంచివాడు, ఓపిగ్గా వెతికాడు.

"పోయినసారి లెక్కలో నూట పన్నెండు ఇళ్ళు ఆ భాష రాయించాయి తాతా. ఈసారి మరీ తగ్గిపోయారని ఆ గడే తీసేశారు. ఇతరుల్లో కలిపేశారు."

"మరి ఆ ఇతరులు ఎక్కడుంటారు బాబూ?"

"ఊరంతా."

"పోనీ, మా వీధిలో?"

"మీ వీధిలో గంపలవాళ్ళు ఒక్కరూ లేరు."

ఉందయ్యా అనబోయి ఆగిపోయాడు. లెక్కల మనిషి ఇంటికొచ్చినప్పుడు జవాబులు చెప్పింది తనే. "ఇంట్లో అందరిదీ ఒకటే భాష, రాసుకోండి" అని దర్జాగా చెప్పాడు. ఆమె వెనకే నిలబడి విన్నది.

ఇంటికి తెచ్చిన నలభై ఒకటో రోజు మధ్యాహ్నం మాట ఆగింది, మనిషీ ఆగిపోయింది. కోడలు ఏడుస్తూనే స్నానం చేయించి, "అత్తయ్య నీటుగా వెళ్ళాలి" అని ఎప్పటికన్నా బిగించి జడ వేసింది.

పదహారో రోజున తాత కొట్టు తెరిచాడు. తెరవక ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు! చీటీ తియ్యడానికి మాత్రం చేతులు రాలేదు. మొదట వచ్చింది పక్క మేడకి కొత్తగా కుదిరిన వాచ్‌మన్, యాభై దాటినవాడు. తాత గుడ్డ కట్టబోతూ, పాడు అలవాటు, "లిగ్గ సెరో, ఇది మీ భాషా?" అని అడిగేశాడు.

వాచ్‌మన్ మొహం వెలిగిపోయింది. "మీకెవరు నేర్పారు తాతా? మా అమ్మ పోయాక ఈ మాట విని తొమ్మిదేళ్ళయింది!"

"మా ఆవిడ మాట అది. అర్థం?"

"ఏముంది, జడ విప్పు అని. అమ్మ బిగించి వేస్తే తల లాగేస్తోందని మా చెల్లెలు రోజూ ఇదే ఏడుపు."

తాతకి ఆమె ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. వణుక్కుంటూ అది జడ దగ్గరికి పోతే, జుట్టు పీకేసుకుంటుందని పట్టుకుని దుప్పటి కింద సర్దింది కోడలు కాదు, తనే. రోజుకి పదిసార్లు సర్దాడు.

వాచ్‌మన్ అప్పటికే కుర్చీలోంచి లేచాడు. "మావాళ్ళావిడా? ఎక్కడుంది? క్షవరం తర్వాత చూద్దాం, ముందు పదండి. మా మాట మాట్లాడి ఎన్నాళ్ళయిందో. కాసేపు కూర్చుని కబుర్లు చెప్పి వస్తాను."

"కూర్చో నాయనా" అన్నాడు తాత. "ఆవిడ పోయి పదహారు రోజులైంది. జడతోనే పంపించేశాం."