గోళీకి మూడో రివిజన్

మా అత్తయ్య మౌసు పట్టుకోరు. కుడి మణికట్టు విరిగి అతుక్కున్నాక అది పూర్తిగా తిరగదు. ఆవిడ బల్ల మీద ఉండేది ట్రాక్‌బాల్. అది కదలకుండా ఒకచోటే ఉంటుంది. పైన నిమ్మకాయంత ఎర్రటి గోళీ, దాన్ని వేళ్లతో దొర్లిస్తే తెర మీద బాణం కదులుతుంది. గోళీకి అటూ ఇటూ రెండు పెద్ద బటన్లు, వాటి పైన రెండు చిన్న బటన్లు. ఇంట్లో అందరం దాన్ని గోళీ అనే అంటాం. మామయ్య కొన్నది. ఆయన పోయి ఆరేళ్లయింది, గోళీ మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

అత్తయ్య భిలాయి ఉక్కు ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరారు. అంటే ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసినదాని మీద పల్చటి కాగితం పరిచి సిరాతో మళ్లీ గీసే ఉద్యోగం. రిటైరయ్యేనాటికి కంప్యూటర్ మీద సొంతంగా గీసే దాకా వచ్చారు. ఆ తర్వాత కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. మేముండే రిసాలిలో చుట్టుపక్కల ఎవరు వంటగది పెంచుకున్నా, మేడ మీద గది వేసుకున్నా ముందు ఆవిడ దగ్గరికి వచ్చి ప్లాను గీయించుకుంటారు. నేను విజయనగరం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి పద్నాలుగేళ్లు. బడిలో లెక్కలు చెబుతాను. నాకు తొందర ఎక్కువ, ఆవిడకి ఉన్నదంతా ఓపికే. మొదట్లో ఆ ఓపిక చూస్తే ఒళ్లు మండేది.

పక్క వీధిలో మేం దీదీ అని పిలిచే హిందీ ఆవిడ ఒకరు ఉన్నారు. ఆవిడ భర్తకి పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీలో తిరుగుతున్నారు. ఆ కుర్చీ వాళ్ల బాత్రూం తలుపులో పట్టదు. తలుపు వెడల్పు చేసి, గడప తీసేసి, వాలు కట్టాలి. పక్క ఊరు ఉతై నుంచి మేస్త్రీ సోమవారం పొద్దున్న వస్తానన్నాడు. అత్తయ్య టేపు పట్టుకుని వెళ్లి కొలతలు తెచ్చి, శుక్రవారానికి ప్లాను సగం గీశారు.

శనివారం ఆవిడ భిలాయి-3 అనే పేటలో చెల్లెలి ఇంటికి వెళ్లారు. కంప్యూటర్‌లో మామయ్య వేసిన సిస్టం చాలా పాతది. ఇక దీనికి అప్‌డేట్లు రావు అని నెల్లాళ్లుగా గొడవ పెడుతోంది. ఆవిడ వచ్చేలోగా కొత్తది వేసి పెడితే సంతోషిస్తారనుకున్నాను. డ్రాయింగులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, పాత సిస్టం తుడిచేసి, కొత్తది వేశాను. నా అంతటి కోడలు లేదనుకున్నాను కూడా.

సాయంత్రం ఆవిడ తిరిగొచ్చి, కూర్చుని గోళీ మీద ఎడమ చెయ్యి వేశారు. బాణం కదిలింది. కానీ మామూలుగా నొక్కే బటను ఎడంచేతికి వీలుగా కాకుండా అవతలి వైపుకి పోయింది. అసలు దెబ్బ పైనున్న చిన్న బటన్లలో ఒకదాని దగ్గర తగిలింది. దాన్ని నొక్కిపట్టి గోళీ దొర్లిస్తే తెర మీద డ్రాయింగు మొత్తం కావలసిన వైపుకి జరిగేది. ఇప్పుడు నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆవిడ అరగంట అలాగే తంటాలు పడ్డారు. మూడు గీతలు గీశారు, రెండు చెరిపారు.

"పాతది ఎక్కడ పెట్టేవమ్మా?" అన్నారు.

పాతది లేదని, దాని మీదే కొత్తది వేశానని చెప్పాను. ఆవిడ తమ ఆఫీసు పద్ధతి చెప్పుకొచ్చారు. నాలుగు తిట్టినా బాగుండేది. డ్రాయింగ్ ఆఫీసులో పాత డ్రాయింగుని ఎవరూ పారెయ్యరట. సవరిస్తే కొత్త కాగితానికి రివిజన్ నంబరు వేసి, ఏం మారిందో, ఎందుకు మారిందో, ఎవరు గీశారో, ఎవరు సరిచూశారో పట్టీలో రాస్తారు. పాత దాని మీద రద్దు ముద్ర కొట్టి బీరువాలో పెడతారు. ఆ పద్ధతిలో ముప్ఫై ఏళ్లు బతికిన మనిషి ఇంట్లో లేని పూట చూసి నేను అంతా ఊడ్చేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మీరు చెబుతూ ఉండండి, మామూలు మౌసుతో నేను గీస్తానన్నాను.

"గీత నా చెయ్యి గియ్యాలి. లేపోతే కింద నా పేరు ఎలాగ వేస్తాను?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు. ఆ గోళీ పోతే ఆవిడకి పోయేది వస్తువు కాదు, పని. అది తెలియకుండానే ఆ ఇంట్లో పద్నాలుగేళ్లు ఉన్నాను.

ఆదివారం పొద్దున్న కాఫీ అయ్యాక ఆవిడ బీరువా తీసి, చుట్టిన ట్రేసింగ్ కాగితం ఒకటి తెచ్చి బల్ల మీద పరిచారు. గోళీ బొమ్మ. పైనుంచి చూస్తే ఒకటి, పక్కనుంచి చూస్తే ఒకటి. ప్రతి బటనుకీ గీత లాగి అంకె, అది చేసే పని. మూలన పట్టీ. మామయ్య మొదటిసారి బిగించినప్పుడు సున్నా రివిజన్. మణికట్టు విరిగి గోళీ ఎడంచేతికి మారినప్పుడు ఒకటి. చిన్న బటనుకి డ్రాయింగు జరిపే పని అప్పగించినప్పుడు రెండు. గీసినవారి గడిలో మూడుసార్లూ అత్తయ్య సంతకం, సరిచూసినవారి గడిలో మూడుసార్లూ మామయ్య పొట్టి సంతకం. మొగుడూ పెళ్లాం కూర్చుని ఒక గోళీకి ఇంత చేశారా అని నవ్వొచ్చింది. ఇంకాసేపు చూస్తే ఆ నవ్వు ఆగిపోయింది. అంత చక్కగా ఉన్నాయి ఆ గీతలు.

ఇక నా పని సులువనుకున్నాను. కాగితంలో ఉన్న అంకెలే కొత్త సిస్టం సెట్టింగుల ఫైల్లో రాసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. నిన్నటికంటే అధ్వాన్నం. కుడి ఎడమలు మళ్లీ తారుమారయ్యాయి, చిన్న బటను మాత్రం మొద్దులాగే ఉంది. రెండుసార్లు, మూడుసార్లు చేశాను. నాకు తిక్కరేగి, ఈ ముసలి సరుకు కొత్త సిస్టంకి పనికిరాదు, పడేసి ఇంకోటి కొందామన్నాను. ముసలి అన్న మాట నోరు దాటాక నాలుక కరుచుకున్నాను.

ఆవిడ నా మొహం కేసి చూడలేదు. "కాగితం పక్కనెట్టు. సైట్లో ఏటుందో చూద్దాం," అన్నారు.

డ్రాయింగ్ ఎంత బాగా గీసినా, ఎవరు సంతకం పెట్టినా, పని జరిగే చోటికి వెళ్లి కొలిచాకే నమ్మాలట. ఆ కాగితం గీసింది ఆవిడే, అయినా నమ్మలేదు. నేను వెతికితే, ఏ బటను నొక్కితే సిస్టంకి ఏ అంకె వెళ్తోందో చూపించే చిన్న ప్రోగ్రాం దొరికింది. సెట్టింగులన్నీ తీసేసి, ఉత్త గోళీతో మొదలుపెట్టాం. ఆవిడ ఒక్కో బటను నొక్కుతారు, నేను అంకె చదువుతాను, ఆవిడ కుడిచేత్తో మెల్లగా పెన్సిల్‌తో రాస్తారు. ఒక్కోటి మూడేసిసార్లు. ఒకసారి చాలదా అని అడగబోయి ఊరుకున్నాను.

నాలుగు బటన్లకీ నాలుగు అంకెలు కాగితంలో ఉన్నవాటితో సరిపోలేదు. అప్పుడు వెలిగింది. కాగితంలో ఉన్నవి ఎడంచేతికి మార్చేసిన తర్వాతి అంకెలు. కొత్త సిస్టం అడుగుతున్నది మార్చకముందు అంకెలు. అంటే నేను తిప్పినదాన్నే మళ్లీ తిప్పుతున్నాను. అసలు అంకెలతో ఫైలు మళ్లీ రాసి, కంప్యూటర్ ఆపి వేశాను.

ఆవిడ చిన్న బటను నొక్కిపట్టి గోళీ దొర్లించారు. దీదీ ఇంటి ప్లాను తెర మీద మెత్తగా పక్కకి జరిగింది.

"హాఁ, చల్ పడీ," అన్నారు, నడిచిందని హిందీలో. అంతే. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

మేస్త్రీ రేపే వస్తాడు, ఇక గీయడం మొదలుపెడతారనుకున్నాను. ఆవిడ గోళీ మీంచి చెయ్యి తీసి, కొత్త ట్రేసింగ్ కాగితం పరిచారు. విరిగి అతుక్కున్న చేత్తో గోళీ బొమ్మ మళ్లీ గీసి, కొత్త అంకెలు వేసి, పట్టీలో మూడో రివిజన్ అని రాశారు. కారణం గడిలో ఏం రాస్తారో అని నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. 'కొత్త సిస్టం' అని రెండు మాటలు రాశారు. కోడలి ఊసే లేదు. గీసినవారి గడిలో సంతకం పెట్టారు.

పక్క గడి ఖాళీ. పైన మూడు వరసల్లో మామయ్య ఉన్న గడి అది. గీసినవాళ్లే సరిచూసుకోకూడదన్నది డ్రాయింగ్ ఆఫీసు నియమం. ఆవిడ పెన్ను నా వైపు జరిపారు.

పెన్ను తీసుకుని కాగితం మీదికి వంగాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"ముందు చూసి పెట్టు. మీ మామయ్య ఎప్పుడూ చూడకండా పెట్టలేదు."

కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. నాలుగు బటన్లూ ఒక్కోటి మూడేసిసార్లు నొక్కి, కాగితంతో సరిచూసి, మామయ్య సంతకం కింద నాది పెట్టాను. అప్పుడు అత్తయ్య గోళీ మీద ఎడమ చెయ్యి వేసి, దీదీ ఇంటి తలుపు వెడల్పు చేయడం మొదలుపెట్టారు.